జగదీశ చంద్ర బోసు: సీసపు స్ఫటికమును వెలుగు కన్నును

మహాపురుషులను స్మరించుటయందు మన దేశమున రెండు పొరపాట్లు తరచుగా గానవచ్చుచున్నవి. నేటి విద్యలన్నియు మన పెద్దలకు మునుపే తెలిసియుండెనని చెప్పుకొని కొందరు తృప్తి నొందుచున్నారు. పరదేశముల ముద్ర పడినగాని యే కార్యమును గొప్పదిగా నెంచక మరికొందరు ముఖము త్రిప్పుకొనుచున్నారు. మొదటివారు శ్రమ యక్కరలేదని తలంతురు. రెండవవారు శ్రమించినను ఫలము లేదని తలంతురు. ఈ రెండు పొరపాట్లకును సమానముగా గురియైనవారు ఆచార్య జగదీశ చంద్ర బోసుగారు. మొక్కలకు ప్రాణమున్నదని వారు కనిపెట్టిరని మన బడిపిల్లలు వల్లించుచుందురు. మొక్కలకు ప్రాణమున్నదని యెరుగని రైతు ఏ దేశమందును లేడు. బోసుగారి కీర్తి యా మాటపై నిలువవలసినది కాదు. వారు చేసిన పనులలో నేడు లోకమున మిక్కిలి ఫలించుచున్న దొకటి కలదు. అది మాత్రము మనవారి నోట వినబడుటయే యరుదు.

2023వ సంవత్సరమున రసాయనశాస్త్రమునకు నోబెలు బహుమానమును మౌంగి బవెండి, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్ అను మువ్వురు పంచుకొనిరి. క్వాంటం బిందువులని పిలువబడు అతిసూక్ష్మ స్ఫటికములను కనుగొని, వానిని చేయు విధానమును చక్కపరచినందుకు వారికీ గౌరవము లభించెను. ఈ బిందువులలో ముఖ్యమైన యొక తెగ సీసమును గంధకమును కలిసిన పదార్థముతో చేయబడుచున్నది. అది గనిలో దొరకునప్పుడు దానికి గెలీనా యని పేరు. కన్నులకు బెట్టు సురమాలో పూర్వమునుండి తరచు వాడబడినదియు, విషమని వైద్యులు నేడు వారించుచున్నదియు నిదియే. పల్నాటి సీమలో అగ్నిగుండాల చెంత బండలమొట్టు కొండనుండి త్రవ్వి తీసిన సీసపు రాయియు నీ జాతిదే. ఈ నల్లని మెరుపురాతిని చేతబట్టి, ఇది కంటికి గానరాని కిరణములనుగూడ గుర్తింపగల కన్నువంటిదని, పందొమ్మిదవ శతాబ్ది ముగియు కాలమున కలకత్తాలో నొక బోధకుడు కనుగొనెను. ఆ బోధకుని జీవితమును, ఆ పని యెట్లు పుట్టి యెట్లు తెగిపోయినదో ఆ వృత్తాంతమును, పాఠకుల ముందుంచ దలచినాము.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన, నేటి బంగ్లాదేశమున నున్న మైమెన్సింగులో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగి, బ్రహ్మసమాజమున నాయకులు. ఆ కాలమున ఉద్యోగస్థులు తమ బిడ్డలను ఇంగ్లీషు పాఠశాలలకు బంపుట ప్రతిష్ఠగా నెంచుచుండిరి. భగవాన్ చంద్రుడు అట్లు చేయలేదు. అన్యభాషకు ముందు మాతృభాషను, అధికారుల బిడ్డలకు ముందు తన దేశపు సామాన్యుల బిడ్డలను కుమారు డెరుగవలెనని, వంగభాషా పాఠశాలకు బంపిరి. ఆ బడిలో నొక ప్రక్కను తండ్రియొద్ద కొలువుచేయు మహమ్మదీయుని కొడుకును, మరియొక ప్రక్కను జాలరి కొడుకును కూర్చుండిరి. నీటిలోని జీవులనుగూర్చియు, పక్షులనుగూర్చియు వారు చెప్పిన కథలు బాలుని మనసున ప్రకృతిపై ఆసక్తిని బుట్టించెను. పేదవాని నైపుణ్యమును చిన్నచూపు చూడని యలవాటు కూడ ఆ బల్లమీదనే యబ్బినదని మా యభిప్రాయము. ముందు ముందు తమ యంత్రములను దేశీయులైన పనివాండ్రచేతనే చేయించుకొనుటకు వారు సందేహింపకపోవుటకు కారణ మిదియే.

తరువాత కలకత్తాలో హేర్ పాఠశాలయందును, సెయింట్ జేవియర్ విద్యాలయమందును చదివి, 1879లో పట్టభద్రులైరి. ఆ కళాశాలలో ఫాదర్ లాఫోన్ అను పాదిరి భౌతికశాస్త్రమును ప్రయోగములతో బోధించుచుండెను. గ్రంథములోని సూత్రమును కన్నులయెదుట జరుగు సంఘటనగా మార్చి చూపుట యాయన విద్య. ఆ విద్య శిష్యునకు సంపూర్ణముగా నబ్బెను. 1880లో బోసుగారు వైద్యవిద్యకై లండను నగరమునకు పోయిరి గాని, వదలని జ్వరముచే నా చదువు మానవలసివచ్చినది. అంతట కేంబ్రిడ్జిలో క్రైస్ట్ కళాశాల జేరి ప్రకృతిశాస్త్రములను అభ్యసించిరి. అచ్చట వారి గురువులలో నొకరు లార్డు రేలీ. ఆకాశము నీలముగా నుండుటకు గాలిలోని సూక్ష్మకణములు వెలుగును చెదరగొట్టుటయే కారణమని లెక్కవేసి చూపిన వారాయనయే. కణపు పరిమాణమును బట్టి వెలుగు ప్రవర్తించునను పాఠమును బోధించిన యింటికి బోసుగారు శిష్యులగుట గమనింపదగినది.

1885లో స్వదేశమునకు మరలి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర బోధకులుగా చేరిరి. నాటి రాజప్రతినిధి లార్డు రిప్పను సిఫారసు చేసియుండినను, విద్యాశాఖాధికారులును కళాశాలాధ్యక్షుడును ఈ నియామకమును ఇష్టపడలేదు. సూక్ష్మశాస్త్రములను బోధించుటకు హిందూదేశీయులు తగరని వారి నిశ్చయము. ఐరోపీయుని జీతములో మూడింట రెండు పాళ్లు మాత్రమే దేశీయునకు ఈయవలెనని నాటి నియమము. తాత్కాలికు డగుటచే నందులోను సగమే బోసుగారికి లభింపవలసియుండెను. వారు కేకలు వేయలేదు; ఉద్యోగము వదలలేదు. నెలనెలకు వచ్చిన జీతమును ముట్టక త్రిప్పి పంపుచు, మూడు సంవత్సరములపాటు ఉచితముగా పాఠములు చెప్పిరి. ఆ కాలమున కుటుంబము అప్పులలో మునిగియుండెను. 1887లో అబలాదేవిని వివాహమాడిన పిమ్మట దంపతులు కడు పొదుపుగా కాలము గడపిరి. ఆ అబలాదేవి 1882లో మన మదరాసునకు వచ్చి వైద్యవిద్య నభ్యసించి, అనారోగ్యముచే విడిచిపోయిన విదుషీమణి. తరువాతి కాలమున వంగదేశమున స్త్రీవిద్యకై పాటుబడిన సంఘసేవకురాలు. తుదకు ప్రభుత్వమువారు తమ నియమము తప్పని గ్రహించి, బోసుగారి నుద్యోగమును ఖాయపరచి, గడచిన మూడేండ్లకును పూర్తి జీతము నొక్కమారుగా నిచ్చిరి. ఆ ధనము తండ్రిగారి ఋణములు తీర్చుట కుపయోగపడెను.

గౌరవము దక్కినది గాని పనిముట్లు దక్కలేదు. కళాశాలలో పరిశోధనాలయ మనునది లేదు. పాఠములు చెప్పుటయే కొలువు. పరిశోధన స్వంత సరదాగా నెంచబడుచుండెను. స్నానపు గదికి ఆనుకొనియున్న చిన్న కొట్టులో, రేకుపని చేయు స్థానికు నొకనిని తోడు చేసికొని, 1894లో బోసుగారు తమ పరిశోధనలను ప్రారంభించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియారు సంవత్సరములు. నేటి విశ్వవిద్యాలయములలో నీ వయసున పని మొదలిడువానిని ఆలస్యముగా వచ్చినవా డందురు.

వారు చేపట్టిన విషయ మెట్టిదో కొంత వివరింపవలసియున్నది. వెలుగును విద్యుత్తరంగములును ఒకే జాతివని స్కాట్లండు దేశీయుడగు మాక్స్‌వెల్ గణితముచే నిరూపించెను. జర్మనీలో హెర్ట్జ్ అట్టి విద్యుత్తరంగములను నిజముగా పుట్టించి చూపెను. అయితే హెర్ట్జ్ పుట్టించిన అలలు మూరల కొలదిగా పొడవైనవి. అంత పెద్ద అలలు వెలుగువలె చిన్న పట్టకములలో వంగునా, స్ఫటికములలో చీలునా యని పరీక్షించుటకు గదియంత పరికరములు కావలసియుండును. బోసుగారు అలనే పొట్టిచేసిరి. 5 మిల్లీమీటర్ల వరకు తగ్గిన తరంగములను పుట్టించి, వెలుగు చేయు పనులన్నియు నవి చేయునని బల్లమీద చూపగలిగిరి. 1895లో కలకత్తా పురమందిరమున, కంటికి గానరాని యీ కిరణములు గోడను దాటిపోయి, దూరమున గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చినప్పుడు సభికులు నివ్వెరపోయిరి.

ఆ పరిశోధనలలో రెండు చిన్న ప్రయోగములు మాకు మిక్కిలి ప్రీతిపాత్రములు. ఒకటి పుస్తకముతో చేసినది. రైల్వే కాలపట్టిక పుటల నడుమ తగరపు కాగితములు పెట్టి, దానిగుండ కిరణమును పంపగా, ఒక దిశలో కంపించు నలలు దాటిపోయెను. దానికి అడ్డముగ కంపించునవి ఆగిపోయెను. రెండవది జనపనారతో చేసినది. నారపోగులను కుడివైపునకు పేనిన యెడల కిరణముయొక్క కంపనతల మొకవైపునకును, ఎడమవైపునకు పేనిన యెడల రెండవవైపునకును తిరిగెను. చక్కెరనీటిలో వెలుగు మెలితిరుగుటకు, ఆ యణువుల పేనిక యిట్టిదే కారణమై యుండవలెనని వారు సూచించిరి. పదార్థ మేది యనునది మాత్రమే కాదు, అది యే రూపమున, ఏ కొలతలో నమర్పబడియున్నది యనునదియు కిరణమును శాసించునను సత్యమిందు కలదు. వంగదేశపు పొలములలో పండిన నారతోనే ఈ సత్యము నిరూపింపబడెను.

1897 జనవరి 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బోసుగారు ఉపన్యసించి, తమ పరికరములను ప్రదర్శించిరి. లార్డు కెల్విన్ వంటి వృద్ధాచార్యులు ముగ్ధులైరి. ఆయనయు మరికొందరు ప్రముఖ శాస్త్రజ్ఞులును, ప్రెసిడెన్సీ కళాశాలకు తగిన ప్రయోగశాల నేర్పరుపవలెనని ఇండియా మంత్రికి విన్నవించిరి. ఆ ప్రయోగశాల సిద్ధమగునాటికి బోసుగారి యుద్యోగవిరమణకాలము సమీపించెను. ఈ లోపల వారిని నిలిపినది దేశీయుల సహాయమే. విదేశమున పరిశోధన కొనసాగించుటకు ధనము చాలని సమయమున, మిత్రుడగు రవీంద్రనాథ ఠాకూరు త్రిపుర మహారాజు రాధాకిశోర మాణిక్యుని నాశ్రయించి, ఆయన వలన విరాళము సంపాదించి పంపెను. కవి చేయి చాచెను, ప్రభువు ధనమిచ్చెను, శాస్త్రజ్ఞుడు పని సాగించెను. ఈ మువ్వురి కూడిక మన భూస్వాములు జ్ఞాపకముంచుకొనదగినది.

ఇక గెలీనా కథకు వచ్చెదము. కంటికి గానరాని అలలు వచ్చినవని తెలిసికొనుటకు గ్రాహక మొకటి కావలెను. నాటివారు లోహపు పొడిని గాజుగొట్టములో నింపి వాడుచుండిరి. అది మాటిమాటికి మొరాయించుచుండెను. బోసుగారు లోహములను, ఖనిజములను ఒక్కొక్కటిగా పరీక్షింప మొదలిడిరి. రెండు కొనలు తాకుచోట విద్యుత్ప్రవాహ మెట్లు మారునో కొలిచి, గీతలు గీసి యుంచిరి. కొన్ని పదార్థములు కిరణము తగిలినప్పుడు విద్యుత్తునకు త్రోవ సులభము చేయుననియు, మరికొన్ని కష్టము చేయుననియు గ్రహించి, వానిని రెండు తెగలుగా విభజించిరి. ఈ వెదకులాటలో గెలీనా చేతికి దొరకెను. దానికి తగిలించిన సన్నని కొన యొద్ద విద్యుత్తరంగములు మాత్రమే గాక, కంటికి కనబడు వెలుగును, అతినీలలోహిత కిరణములును, ఎరుపునకు ఆవలనున్న ఉష్ణకిరణములును గుర్తింపబడుచుండెను. మన కన్ను చూడగలిగినది ఇంద్రధనుస్సులోని రంగులను మాత్రమే. ఈ రాయి అంతకంటె నెంతయో విశాలమైన పరిధిని చూచుచున్నది. అందుచే దానిని కృత్రిమమైన కంటితెరగా వారు భావించిరి.

ఈ గ్రాహకమును పేటెంటు చేసికొమ్మని పలువురు కోరినను వారు సమ్మతింపలేదు. జ్ఞానమును సరుకుగా చేసి యమ్ముట వారి మనస్సునకు రుచింపలేదు. 1901లో లండనులో నొక తంతివార్తా సంస్థకు చెందిన ధనికుడు, పేటెంటు పత్రముతోనే వారి బసకు వచ్చి లాభములో పాలిత్తునని ప్రాధేయపడినను, త్రోసిపుచ్చిరి. తుదకు అమెరికా దేశీయురాలగు సారా బుల్ అను మిత్రురాలును, సోదరి నివేదితయు పట్టుపట్టి, దరఖాస్తు పెట్టించిరి. 1901 సెప్టెంబరు 30న దాఖలైన ఆ దరఖాస్తుపై, 1904 మార్చి 29న అమెరికా ప్రభుత్వము 755,840 సంఖ్యగల పేటెంటును మంజూరు చేసెను. అర్ధవాహకముతో చేసిన పరికరమునకు లోకమున లభించిన తొలి పేటెంటు ఇదియేనని శాస్త్రచరిత్రకారులు చెప్పుదురు. బోసుగారు దానివలన నొక్క కాసైనను గడింపలేదు. కొంతకాలమునకు పాశ్చాత్యదేశములలో గెలీనా తునకకు సన్నని తీగె కొనను తాకించి రేడియో వినుట యింటింటి వినోదమయ్యెను. దానివలన వ్యాపారము పెంచుకొన్నవారు ఇతరులు.

ఇచ్చట న్యాయము తప్పక మాటాడవలెను. అర్ధవాహకములను మొట్టమొదట గమనించినది బోసుగారు కాదు. వెండియు గంధకమును కలిసిన పదార్థము, వేడి చేసినకొలది, లోహములకు విరుద్ధముగా విద్యుత్తును ఎక్కువగా ప్రసరింపజేయునని 1833లోనే ఫారడే కనుగొనెను. గెలీనావంటి ఖనిజములు విద్యుత్తు నొకదిశలో సులభముగను, మరియొక దిశలో కష్టముగను పోనిచ్చునని 1874లో జర్మనీయుడగు బ్రౌను చూపెను. అట్టి రాతిని కిరణములు చూచు కన్నుగా మలచుట బోసుగారి పని. ఆ కన్ను ఏల చూచుచున్నదో వారికి తెలియదు. నాడు తెలియుట కవకాశమును లేదు. ఎలక్ట్రానుల నడతను వివరించు క్వాంటం శాస్త్రము 1920 తరువాతగాని రూపొందలేదు. అయినను వారు చేసిన విభజన, అర్ధవాహకములలో నేడు చెప్పబడు రెండు తెగలను ముందుగా సూచించినదని, 1977లో నోబెలు బహుమానము పొందిన నెవిల్ మాట్ అభిప్రాయపడిరి. బోసుగారు తమ కాలమునకు కనీసము అరువదేండ్లు ముందున్నారని యాయన అంచనా. ఇది స్వదేశీయుల పొగడ్త కాదు; ఆ శాస్త్రమున నిష్ణాతుడైన యాంగ్లేయుని తీర్పు.

వారికి తెలియని యా కారణమును నేటి శాస్త్రము చెప్పుచున్నది. అర్ధవాహకములో ఎలక్ట్రానులు క్రిందిమెట్టున కట్టువడి యుండును. పైమెట్టునకు ఎక్కినగాని స్వేచ్ఛగా తిరుగలేవు. ఈ రెండు మెట్లకు నడుమ కొంత యంతరము కలదు. వెలుగు అను శక్తిపొట్లము ఆ యంతరమునకు సరిపడునంత బలము కలదైనచో, ఎలక్ట్రాను దానిని మ్రింగి పైకెక్కును, విద్యుత్తు నడచును. గెలీనాలో నీ యంతరము మిక్కిలి చిన్నది: 0.41 ఎలక్ట్రాను వోల్టులు. అందుచే కంటికి కానరాని పరారుణ కిరణములలో 3 మైక్రానుల తరంగదైర్ఘ్యము వరకు అది చూడగలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనులు ఉష్ణకిరణములను పసిగట్టు పరికరములను ఈ పదార్థముతోనే నిర్మించిరి.

క్వాంటం బిందువులు ఈ కథలో మరియొక మలుపు. గెలీనా రాయి చేటంత యున్నను, ఆవగింజంత యున్నను దాని మెట్ల యంతరము మారదు. కాని దానిని కొన్ని నానోమీటర్ల కొలతకు, అనగా మిల్లీమీటరును పదిలక్షల పాళ్లు చేసినచో నందు కొన్ని పాళ్లంత చిన్న స్ఫటికముగా చేసినప్పుడు, ఎలక్ట్రానునకు మసలుటకు చోటు చాలదు. వీణపై వ్రేలిని క్రింది మెట్లకు జరిపి తీగెను పొట్టిచేసినకొలది స్వరము పైస్థాయికి పోవునట్లు, స్ఫటికము చిన్నదైనకొలది మెట్ల యంతరము పెరుగును. పదార్థము మారలేదు, పాళ్లు మారలేదు, కొలత మాత్రమే మారినది. దానితో నది మ్రింగు వెలుగును, విడుచు వెలుగును మారిపోవును. కాడ్మియము, సెలీనియము కలిసిన బిందువులు 2 నానోమీటర్ల చెంత నీలి వన్నెతోను, 6 నానోమీటర్ల చెంత ఎరుపు వన్నెతోను వెలుగును. గెలీనా పదార్థపు బిందువులను కొలత మార్చి, పరారుణములో కోరిన యలకు సరిపడునట్లు శ్రుతి చేయవచ్చును.

ఈ రహస్యమును ఎకిమోవ్ 1981లో సోవియటు రష్యాలో రంగుగాజులో నేర్పడిన తామ్ర క్లోరైడు స్ఫటికములలో చూచెను. దానినెరుగకయే బ్రూస్ 1983లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు, ద్రవములో తేలియాడు కాడ్మియము గంధకపు కణములలో చూచెను. 1993లో బవెండియు శిష్యులును, వేడి ద్రావకములోనికి మూలపదార్థములను ఒక్కపెట్టున చిమ్మి, అన్నియు నొకే కొలతగల బిందువులను చేయు మార్గమును కనిపెట్టిరి. నేడవి దూరదర్శనపు తెరలలో రంగులకు వన్నె తెచ్చుచున్నవి. శరీరములోని కణజాలమును గుర్తుపట్టుటకు తోడ్పడుచున్నవి. సీసపు గంధక బిందువులు పరారుణ ఛాయాగ్రాహకములకు కన్నులగుచున్నవి. బోసుగారు క్వాంటం బిందువులను కనుగొనలేదు. కనుగొనిరని చెప్పువారు వారికి కీర్తిని గాక అపకీర్తిని తెచ్చుచున్నారు. కాని ఆ రాయి చూచునని చూపిన చేయి వారిదే.

అట్లైన ఆ పని కలకత్తాలో నేల కొనసాగలేదు? ఈ ప్రశ్న కుత్తరము వారి జీవితములోనే యున్నది. గ్రాహకములు మాటిమాటికి ప్రయోగింపగా అలసిపోయి, విశ్రాంతి నిచ్చిన తేరుకొనుట వారు గమనించిరి. ప్రాణముగల కండరమును ఇట్లే యలయును గదా! జడమునకును జీవమునకును నడుమ గీత యెక్కడ నను విచారము వారిని పూర్తిగా ఆకర్షించెను. 1902 నాటి గ్రంథమునుండి వారి దృష్టి మొక్కలవైపు మరలెను. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెంచి చూపు క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించిరి. అత్తిపత్తి మొదలైన మొక్కలలో విద్యుత్సంకేతములు నడచుటను అతిసూక్ష్మముగా కొలిచిరి. జీవశాస్త్రజ్ఞులు కొందరు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1901లో రాయల్ సొసైటీ వారి వ్యాసమును ప్రచురింపక నిలిపియుంచెను. 1920లో ఆ సొసైటీయే వారిని తన సభ్యునిగా నెన్నుకొనెను. ఆ పనిలో మొక్కల విద్యుత్సంకేతములను గూర్చిన భాగము నిలిచినది. రసము పైకెక్కుటను గూర్చిన సిద్ధాంతమును తరువాతివారు అంగీకరింపలేదు. గొప్పవారి లెక్కలోను కొట్టివేతలుండును.

గురువు మరియొక మార్గమున పోవుట తప్పు కాదు. ఆయన విడిచిన చోటనుండి పట్టుకొని నడచుటకు శిష్యసమూహము లేకపోవుటయే లోపము. జర్మనీలో నొక ఆచార్యుడు విడిచిన సమస్యను పదిమంది విద్యార్థులు చేపట్టుదురు. వారికి వేతనముండును, పనిముట్లుండును, కర్మాగారము లుండును. కలకత్తాలో స్నానపు గది ప్రక్క కొట్టులో, ఒంటరిగా, రేకుపనివానితో చేసిన పనికి వారసు లెక్కడనుండి వత్తురు? పేటెంటు విషయమునను మాకు కొంత సంకోచము కలదు. విద్యను విక్రయింపననిన వారి త్యాగమునకు మేము నమస్కరింతుము. అయితే ఆ హక్కులవలన వచ్చియుండు ధనము ఆ పనికే వినియోగింపబడియున్నచో, అర్ధవాహక పరిశోధన యీ దేశమున నిలిచియుండెడిది కాదా యని యడుగక తప్పదు. ఋషికి నిస్పృహ భూషణము. దేశమునకు మాత్రము దరిద్రము భూషణము కాదు.

ఈ లోపమును బోసుగారే గ్రహించిరని వారి కడపటి మహాకార్యము చాటుచున్నది. 1915లో ఉద్యోగవిరమణ చేసి, స్వార్జితమును, ఇతరుల విరాళములను కూర్చి, 1917 నవంబరు 30న తమ జన్మదినమున, కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి. తాము ఒంటరిగా పడిన పాట్లు రాబోవువారు పడరాదని వారి సంకల్పము. అచ్చట జరుగు పరిశోధనలపై పేటెంటులు తీసికొనక లోకమునకు పంచిపెట్టవలెనని ప్రారంభదినముననే ప్రకటించిరి. శాస్త్రవిషయములను వంగభాషలో సామాన్యులకు దెలుపుటయు వారు తమ ధర్మముగా నెంచిరి; 1921లో ఆ వ్యాసముల సంపుటము అవ్యక్త మను పేర వెలువడెను. 1937 నవంబరు 23వ తేదీన, ఎనుబదవ యేట అడుగిడుటకు వారము మాత్రము మిగిలియుండగా, గిరిడి పట్టణమున వారు కీర్తిశేషులైరి. వారి చేతి పరికరములు నేటికిని ఆ మందిరమున భద్రపరుపబడి యున్నవి.

2023 ఏప్రిలులో భారత ప్రభుత్వము క్వాంటం శాస్త్రములకై 6,003 కోట్ల రూపాయల ప్రణాళిక నామోదించెను. ధనము నిర్ణయింపబడుట శుభము. కాని ధనము రాజధానుల భవనములకే పరిమితమైనచో బోసుగారి జీవితమునుండి మన మేమియు నేర్చుకొననట్లే. జిల్లా కళాశాలలలో ప్రయోగశాల తలుపులు సంవత్సరమున కొన్ని దినములు మాత్రమే తెరువబడుచుండుట, విద్యార్థి యొక్క స్ఫటికమునైన చేతబట్టక పట్టము పుచ్చుకొనుట, మన మెరుగని సంగతులు కావు. గుడికి గోపురము కట్టించినవారు, చెరువు త్రవ్వించినవారు, సత్రము పెట్టించినవారు మన యూళ్లలో ప్రతి తరమునను కలరు. త్రిపుర ప్రభువు నడచిన త్రోవను వారిలో కొందరైన నడువవలెనని మా మనవి. ఊరి కళాశాలకు మంచి సూక్ష్మదర్శిని యొకటి, ఇద్దరు పేద విద్యార్థులకు పరిశోధనా వేతనము, పనిముట్లు చేయు నొక కమ్మరికి జీతము: ఇవి గొప్ప సంస్థానాధీశులకే సాధ్యమైన దానములు కావు.

నవంబరు 30వ తేదీ ప్రతి సంవత్సరమును వచ్చును. ఆ దినమున పటమునకు పూలమాల వేసి, మొక్కలకు ప్రాణమున్నదని మరల నొకమారు చెప్పి, ఇండ్లకు పోవుట సులభము. ఆ దినమున నొక చిన్న ప్రయోగశాల తలుపు తెరచి, ఒక నల్లని గెలీనా తునకను నొక బాలుని చేతిలో పెట్టి, ఇది యేల చూచుచున్నదో నీవే కనుగొమ్మని చెప్పుట కొంచెము కష్టము. బోసుగారికి తగిన పూజ ఆ రెండవదియే యని మేము నమ్ముచున్నాము.